సూరప్పడి గోలు చూడని ఊరు

అనగా అనగా, మీ తాతల మూతికి మీసాలు రాని రోజుల్లో, సముద్రానికి కూతవేటు దూరంలో గోనెపాలెం అని ఒక ఊరుండేది. ఇప్పుడూ ఉంది, ఎక్కడికీ పోలేదు. ఆ ఊరికి ఒక గోనెసంచుల మిల్లు. మిల్లుకి ఒక కూత. కూత కూస్తే ఊరు లేచేది, కూత కూస్తే తినేది, కూత కూస్తే పడుకునేది. మిల్లు వెనక ఒక మైదానం, మైదానంలో ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టంటే ఊరికి ప్రాణం. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఓర్చుకునేవాళ్లు గానీ, బంతిలో గాలి తగ్గిందంటే ఊదడానికి వీధులు వీధులే వచ్చేవి.

ఆ జట్టులో సూరప్పడు అనేవాడు వెనక వరసలో ఆడేవాడు. మిల్లులో మగ్గం పని. బక్కపలచటి మనిషి, చేటంత చెవులు. బూట్లు ఇస్తే కరుస్తాయని గోలు కట్టెకి వేలాడదీసి, ఉత్త కాళ్లతో దిగేవాడు. ఎన్నడూ మైదానం సగం గీత దాటి ముందుకి పోలేదు.

"ముందుకెల్లి ఒక్క గోలెయ్యరా సూరప్పా," అని ఊరు అడిగేది.

"అందరం పెల్లికెల్లిపోతే ఇంటికాడ కాపలా ఎవులుంటారు బావూ," అని నవ్వేవాడు.

బంతి అతని కాళ్లలోకి వచ్చిందంటే చాలు, ఊరంతా ఒక్క గొంతుతో "ఓ సూరప్పో!" అని అరిచేది. ఆ అరుపుకి ఆ చెవులు కదిలేవని పిల్లలు చెప్పేవారు. కదిలేవేమో, ఎవరికి తెలుసు.

ఏరు అవతల ఉప్పు కొటార్ల ఊరు ఉంది. వాళ్లకీ ఒక జట్టు. ఏటా కొత్తమాస పండగ వెళ్లాక రెండు ఊళ్లకీ పోటీ.

మొదటి ఏడు, గోల్లోకి దూసుకుపోతున్న బంతికి సూరప్పడు గుండె అడ్డం పెట్టాడు. మనవాళ్లు గెలిచారు. "ఓ సూరప్పో!" అంది ఊరు. ఆడవాళ్లు చోడంబలి కడవతో తెచ్చి తాగించారు.

రెండో ఏడు, బొటనవేలి గోరు ఊడిపోతే గుడ్డ చుట్టుకుని ఆడాడు. మనవాళ్లు గెలిచారు. "ఓ సూరప్పో!" అంది ఊరు. ఆ రాత్రి ఎండునెత్తళ్ల కూర వండని ఇల్లు లేదు, అందులో సూరప్పడికి వాటా తియ్యని ఇల్లూ లేదు.

మూడో ఏడు సంగతి చెప్పాలంటే ముందు మిల్లు ఆచారం ఒకటి చెప్పాలి. మగ్గం మీద ఎవడైనా పోగులు తప్పించి నాసిగుడ్డ నేశాడనుకోండి, మిగతావాళ్లు తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. మాట్లాడకుండా వాడికి వీపు తిప్పేవారు. మళ్లీ కూత కూసేదాకా అంతే. కూత కూశాక ఇటు తిరిగి, చుట్ట పంచుకునేవారు. మంచి ఆచారమే, మిల్లులో ఉన్నంతవరకూ.

మూడో ఏడు ఆట మొదలైంది. ఊరు ఊరంతా గోనెసంచులు పరుచుకుని కూర్చుంది. ఉప్పు కొటార్లవాళ్లు ఒక గోలు వేశారు. సరే, ఇంకా ఆట ఉంది. ఇంతలో బంతి సూరప్పడి దగ్గరికి వచ్చింది. దగ్గరలో ఎవరూ లేరు. రోజూ చేసినట్టే బంతిని వెనక్కి, తమ గోలు కాచేవాడికి నెట్టాడు. కాచేవాడు అటు అడుగు వేశాడు, బంతి ఇటు పోయింది. కొత్తకోడలు గడప దాటినంత నెమ్మదిగా మన గోల్లోకే వెళ్లి కూర్చుంది.

అప్పుడు ఒకడు లేచాడు. గోనె దులిపాడు, మిల్లు వైపు తిప్పి పరిచాడు, మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కవాడూ లేచాడు, తర్వాతి వాడూ లేచాడు. చూస్తుండగా ఊరంతా తిరిగిపోయింది. ఎటు చూసినా వీపులే. గుండె అడ్డం పెట్టిన మనిషికి ఊరు చూపించింది ఏమిటయ్యా అంటే, వీపు!

కాసేపటికి వెనక నుంచి పెద్ద కేక లేచింది. ఉప్పు కొటార్ల జనం వేసిన కేక. ఏరు పొంగినంత కేక. మనవాళ్లు తల తిప్పలేదు.

"మూడో గోలూ తినేసినాడు," అన్నాడొకడు.

మిల్లు కూసింది. గోనెలు చుట్టుకుని, వెనక్కి చూడకుండా ఇళ్లకి పోయారు.

తెల్లారాక తెలిసింది. ఆట రెండు, ఒకటి. మూడు కాదు. ఆ ఒకటి మనదే. వేసినవాడు సూరప్పడు. సొంత గోలు దగ్గర బంతి పట్టి, ఎన్నడూ దాటని గీత దాటి, అందరినీ తప్పించుకుంటూ పోయి వేశాడట. ఓడించినవాళ్లే లేచి నిలబడి అరిచారట.

"ఎలా ఏసినాడర్రా?" అని జట్టువాళ్లని అడిగారు.

"సెపితే తెల్దు, సూడాలి," అన్నారు వాళ్లు. వాళ్లకీ ఊరి మీద కోపం వచ్చింది మరి.

సూరప్పడినే అడిగితే పోయేది. అడగాలంటే, మేం చూడలేదని ఒప్పుకోవాలి. అది గొంతు దిగలేదు. సూరప్పడు మళ్లీ ఆడలేదు. బూట్లు గోలు కట్టెకి అలాగే ఉండిపోయాయి. ప్రతి ఆటకీ వచ్చి అవతలి గోలు వెనకాల ఒక్కడే కూర్చునేవాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఊరు అడుగుదామనుకోకపోలేదు. ఒకసారి మిల్లు మేస్త్రీ అప్పలకొండ అతని ఇంటికి వెళ్లి, వానల గురించి మాట్లాడి, మంచినీళ్లు తాగి వచ్చేశాడు. ఇంకోసారి పోటీనాడు దండ వేసి అడుగుదామనుకున్నారు, వచ్చే ఏడు చూద్దామన్నారు. మూడోసారి, ముసలితనంతో సూరప్పడు మంచం పట్టాడని తెలిసి, రేపు అందరం కలిసి వెళ్దామన్నారు. రేపనేదానికి రూపు లేదు. ఆ రేపు తెల్లవారకముందే సూరప్పడు పోయాడు.

అప్పుడు చూడాలి ఊరిని! మిల్లు కూత లేకుండానే అందరూ లేచారు. పాడె మోయడానికి భుజాలు తోసుకున్నాయి. ఉప్పు కొటార్లవాళ్లు నాటుపడవల మీద ఏరు దాటి వచ్చారు. మైదానం దారిలోనే ఉంది. ఆడవాళ్లు అక్కడిదాకానే వస్తారు. పాడె అక్కడ దింపారు. దింపుడు కళ్లంలో చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి కదా, అందుకు.

పిలవబోతుంటే ఉప్పు కొటార్ల ముసలాయన ఒకడు ముందుకొచ్చాడు. పేరు పోలినాయుడు. ఆనాడు వాళ్ల గోలు కాచినవాడు.

"ఆ గోలు తిన్నోడిని నానే బావూ," అన్నాడు. "గెలిసిన ఆట మర్సిపోనాం గానీ ఆ గోలు మర్సిపోనేదు. మాది అటేపు సూపు. మీ ఏపు నుండి ఎలాగున్నాదో ఇన్నాల్లకి మీ నోట ఇందామని వొచ్చినాను. సెప్పండి."

అందరూ నేల చూశారు. చివరికి సూరప్పడి భార్య గైరమ్మ మాట్లాడింది.

"ఆల్లు సూళ్లేదు నాయనా. నానూ సూళ్లేదు. అందరూ తిరిగినారని నానూ తిరిగిపోనాను."

"నువ్వూనా అమ్మా?"

"ఆ సందేల మావ ఇంటికొచ్చి, గైరీ, నువ్వు సూసినావా అనడిగినాడు. సూసినాను అన్నాను. ఏ కాల్తో కొట్టినానే అనడిగినాడు. కుడికాల్తో అన్నాను. నవ్వినాడు. మరింక ఎన్నడూ అడగనేదు."

పోలినాయుడు ఒక అడుగు ఆమె దగ్గరికి వేశాడు.

"ఎడంకాలు తల్లీ," అన్నాడు మెల్లగా.

గైరమ్మ అక్కడే కూలబడింది. ఊరు ఊరంతా భోరుమంది.

ముసలాయన కర్ర పుచ్చుకుని మన గోలు దగ్గరికి నడిచాడు. "ఇక్కడ బంతి పట్టినాడు," అన్నాడు. జనం వెనకాలే నడిచారు. "ఇక్కడ మావోడిని ఒకడిని తప్పించినాడు. ఇక్కడ ఇద్దరు మీద పడిపోతే మద్దెలోంచి తీసుకుపోనాడు." సగం గీత దగ్గర ఆగాడు. "ఇక్కడ ఒక్కసారి ఆగి, మీ ఏపు సూసినాడు."

ఆ మాటకి మగవాళ్లు కూడా తలగుడ్డలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. అతను చూసినప్పుడు వాళ్ల ముఖాలు లేవు కదా అక్కడ.

పోలినాయుడు తమ గోలు దాకా నడిచాడు. ఎడమ పక్క కట్టె మొదట్లో కర్ర ఆనించాడు. "ఇలాగెల్లింది. నాను ఇక్కడ పడ్డాను."

జనం పాడె దగ్గరికి తిరిగొచ్చారు. సూరప్పడి కొడుకు వంగి చెవిలో పిలవబోతే, అప్పలకొండ అతని భుజం పట్టుకున్నాడు. "ఊరు పిలవాలి బావూ," అన్నాడు. ఊరంతా పిలిచింది.

"ఓ సూరప్పో!"

"ఓ సూరప్పో!"

"ఓ సూరప్పో!"

ఆ చేటంత చెవులనే చూస్తూ నిలబడ్డారు అందరూ. ఒక్కసారి కదిలితే బాగుండునని. కదల్లేదు.

అది మొదలు గోనెపాలెంలో ఆట ఇలా మొదలవుతుంది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు మైదానానికి వీపు పెట్టి నిలబడతారు. అందరికన్నా ముసలివాడు సూరప్పడిని మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకి అందరూ ఒక్కసారిగా ఇటు తిరుగుతారు. తిరిగాక ఇంక చివరి ఈల దాకా, ఎన్ని గోల్స్ తిన్నా, ఇల్లు అంటుకుందన్నా, తల తిప్పే మనిషి ఉండడు. మిల్లులో కూడా ఒకరికొకరు వీపు తిప్పడం మానేశారు. నాసిగుడ్డ నేసినవాడిని ఇప్పుడు నోరారా తిడతారు. అదే నయం.

ఆ గోలు చూసినవాడు ఆ ఊళ్లో ఆనాడూ లేడు, ఈనాడూ లేడు. చెప్పనివాడు మాత్రం ఒక్కడూ లేడు. ఎవరైనా అన్న మీద అలిగి, కూతురి మీద కోపగించుకుని అటు తిరిగి కూర్చుంటే, గైరమ్మని తలుచుకుని ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ ఒక మాట అంటారు:

"ఇటు తిరుగు నాయనా, ఇటు తిరుగు. సూరప్పడు బంతి పట్టుకున్నాడేమో."

కథ కంచికి పోదు, ఆ మైదానంలోనే ఉంటుంది. మీరు ఇళ్లకి పోయేవాళ్లు పొండి. పోయేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి.