ఎర్ర చుక్క లేని చోటు

ఊరు మొత్తానికి బుర్రలున్న ఇల్లు తనదొక్కటేనని పేరయ్య నమ్మకం. తనకొక బుర్ర, తమ్ముళ్ళు గంగులుకీ బుల్లెయ్యకీ చెరొకటి, భార్య చిట్టెమ్మకి కొప్పు కింద ఇంకొకటి. ఇన్ని బుర్రలున్న ఇంటికి ఎదురేముంటుందని మీసం దువ్వుకునేవాడు. ఒప్పుకోనివాడల్లా మామగారు తాతబ్బాయి ఒక్కడే. "నీ తోటలో కాసిన మామిడిపళ్ళు ఒక్క బుట్ట నా గుమ్మంలో దించు. నీకు బుర్రుందని నలుగురి ముందూ ఒప్పుకుంటాను" అన్నాడాయన. ఇన్నాళ్ళకి ఈ వేసవిలోనే చెట్లు కాశాయి. పేరయ్యకి కంటిమీద కునుకు లేదు.

సరిగ్గా అప్పుడే వాతావరణం ఆఫీసు నుంచి వాసంతి మేడమ్ వచ్చింది. పెద్ద వడగళ్ళు ఏ ఊళ్ళో, ఏ వేళప్పుడు పడుతున్నాయో కబుర్లు పోగుచేయడం ఆవిడ పని. "పడగానే ఫోన్ చేయండి. కోడిగుడ్డు పక్కన పెట్టి ఎంతుందో చూసి చెప్పండి. వీలైతే ఒకటి నేనొచ్చేదాకా జాగ్రత్త చేయండి" అంది.

మర్నాడే వడగళ్ళు పడ్డాయి. గంగులు గుడ్డు పట్టుకుని వానలోకి పరిగెత్తాడు. ఠపీమని ఒక వడగల్లు వచ్చి ఆ గుడ్డు మీదే పడింది. అంతే. పేరయ్య ఫోన్ చేసి, "వడగల్లుందండీ, గుడ్డే లేదు. మా పెట్ట మళ్ళీ పెట్టేదాకా మీరు ఆగాలి" అన్నాడు.

ఈలోగా బుల్లెయ్య వడగల్లుని ముట్టుకుని కంగారుపడ్డాడు. "అన్నయ్యా, ఒళ్ళంతా చల్లబడిపోయింది. దక్కేట్టు లేదు."

ఇంకేముంది, చిట్టెమ్మ దాన్ని దుప్పట్లో చుట్టి పొయ్యి పక్కన పడుకోబెట్టింది. తెల్లారి చూస్తే వడగల్లు లేదు, దుప్పటి మాత్రం తడిసి ఉంది. "పోతూ పోతూ పక్క తడిపింది" అని చిట్టెమ్మ ముక్కు చీదింది.

"చంటిది కదా వదినా, దానికేం తెలుసు" అని గంగులు ఓదార్చాడు.

తోట ఊరికి దూరం కాబట్టి కాయలు మాత్రం దక్కాయి.

వారం తిరక్కుండానే మేడమ్ మళ్ళీ వచ్చింది. కబురొచ్చిన ప్రతి చోటా ఎర్ర చుక్క పెట్టిన పటాలు ఇంటికొకటి పంచింది. పేరయ్య తన పటాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ చెరువు మధ్యన చుక్క లేదేమండీ?" అని అడిగాడు.

"అక్కణ్ణించి ఒక్క కబురూ రాలేదండీ. చెప్పడానికి మనుషులుండాలిగా. అంతమాత్రాన అక్కడ పడలేదని కాదు" అంటూ జీపెక్కింది.

ఆ చివరి మాట వినకముందే పేరయ్య తోటలో ఉన్నాడు. "చుక్క లేని చోట వడగళ్ళు పడవురా. దింపండి కాయలన్నీ" అన్నాడు. దింపారు. పడవకెత్తారు. పండేదాకా కాపలా ఉందామని అన్నదమ్ములు ముగ్గురూ చెరువు మధ్యకి పోయి కూర్చున్నారు. కాయలు ముగ్గి ఘుమఘుమలాడే వేళకి ఆకాశం నల్లబడింది. దడదడా వడగళ్ళు.

అప్పుడే ఫోన్ మోగింది. "పేరయ్యగారూ, చెరువు మీద మబ్బు కనిపిస్తోంది. అక్కడేమైనా పడుతున్నాయా?" అంది మేడమ్.

గంగులు నోరు తెరవబోతే పేరయ్య గట్టిగా మూసేశాడు. "అవునంటే ఆవిడ చుక్క పెట్టేస్తుందిరా. చుక్క పెడితే పడ్డట్టేగా. నా బుట్ట ఏం గాను?" అని గుసగుసలాడి, "ఏమీ పడట్లేదండీ" అన్నాడు ఫోన్‌లో.

"మరి ఆ టపటప చప్పుడేంటి?"

"మా తమ్ముళ్ళ తలకాయలండీ."

వాన వెలిసేసరికి పళ్ళన్నీ గుజ్జయ్యాయి. పేరయ్యకి ఏడుపొచ్చింది. అయినా మాట మాటే కదా. మిగిలిన గుజ్జుని బుట్టకెత్తి, కారిపోతున్నా మోసుకెళ్ళి మామగారి గుమ్మంలో దించాడు.

"ఇదేంటల్లుడూ, వడగళ్ళ పాలయ్యాయా?" అన్నాడు తాతబ్బాయి.

"లేదండీ. కావాలంటే పటం చూసుకోండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చెరువంతా వెతికాడు. మధ్యలో ఒక్క చుక్కా లేదు. "నిజమే. వడగళ్ళు పడనే లేదు. ఒప్పుకున్నాను, నీకు బుర్రుంది" అన్నాడు. పేరయ్య ఆనందం అంతా ఇంతా కాదు.

అంతలో తాతబ్బాయి చూపు తన ఊరి మీదున్న ఎర్ర చుక్క మీద పడింది. "ఓహో, మొన్న నా ఇంటి పెంకులు పగలగొట్టింది ఇదన్నమాట" అని, వేలు తడిచేసి దాన్ని పూర్తిగా చెరిపేశాడు. పెంకులు మార్చడానికి నిచ్చెనెక్కిన మనిషిని కిందికి దింపి పంపించేశాడు. పగిలిన కప్పు కిందే రెండు మంచాలు వేయించి, ఒకదాని మీద అల్లుణ్ణి పడుకోబెట్టి, బయట ఉరుములు ఉరుముతుంటే రెండోదాని మీద హాయిగా గుర్రుపెట్టాడు.