పన్నెండో అధ్యాయంలో సంతకం

ధర్మారావు తన నవల మొత్తాన్నీ ముందే ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి పెట్టుకున్నాడు. ముప్ఫై ఆరు అధ్యాయాలకి ముప్ఫై ఆరు గళ్లు. మూడేళ్లు కష్టపడి ఇరవై రాశాడు. ఆ తర్వాత కలం కదల్లేదు.

కాగితం తీసుకుని గురువు చయనులు మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

"కథలో ఒక్క అతుకు కనబడదు మాస్టారూ," అన్నాడు గర్వంగా. "మనుషులే కదలడం లేదు."

"ఎవరి కథ?"

"మా అమ్మదేనండి. పేరు మార్చాను."

ధర్మారావు తల్లి పళ్ళాలమ్మ. భర్త పోయాక గోదావరి రేవులో పడవ నడిపి కొడుకుని చదివించింది.

"రేపు ఆవిడని తీసుకురా," అన్నారు మాస్టారు.

కొడుకు తన మీద పుస్తకం రాస్తున్నాడని పళ్ళాలమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. మాస్టారు ఆవిణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, పన్నెండో అధ్యాయం చదవమన్నారు ధర్మారావుని.

రేవుని వేలంలో పాడుకున్న పాటదారు బెదిరిస్తాడు. కథానాయిక ఏడుస్తూ, పడవ రాసిచ్చేసి సంతకం పెడుతుంది.

పళ్ళాలమ్మ లేచి నిలబడింది. "ఎవర్రా ఇది?"

"నువ్వేనమ్మా."

"నేనా? మీ నాన్న పోయిన పదకొండో రోజునే ఆ పాటదారు మనుషులు కాగితం పట్టుకొచ్చారు. వాళ్ల మీదికి తెడ్డు ఎత్తాను. సంతకం పెట్టలేదు!"

"పెట్టకపోతే తర్వాతి గడిలో మనం ఊరు వదలం కదమ్మా. కథ ఆగిపోతుంది."

"ఎందుకాగుద్ది? వాళ్లు ఊరుకున్నారేంటి? రేవులోకి రానివ్వలేదు. నేను అవతలి ఒడ్డుకి పోయి జనాన్ని ఎక్కించుకున్నాను."

మాస్టారు గళ్ల కాగితాన్ని పన్నెండో గడి దగ్గర మడిచి, చింపి, పన్నెండు గళ్లున్న పై ముక్క మాత్రం శిష్యుడి చేతికిచ్చారు.

నాలుగు నెలల తర్వాత ధర్మారావు కొత్త పేజీలతో వచ్చాడు. మాస్టారు సాయంత్రం దాకా చదివారు.

"రేవు మూయించిందెవరు?"

"నేనేనండి."

"అవతలి ఒడ్డుకి పోయింది?"

"ఆవిడేనండి, నేను పంపలేదు. పోయింది గనకే అక్కడి పడవవాళ్లు ఆవిడ పడవ తగలబెట్టారు."

"ఇప్పుడేం చేస్తుంది?"

"తెలీదండి. రేపు పొద్దున్నే లేచి చూడాలి."

మాస్టారు కళ్లజోడు తీసి, వంటింటి వైపు తిరిగి భార్యని పిలిచారు.

"ఏమేవ్, కాఫీ పెట్టు. నవలా రచయిత గారు వచ్చారు."