తీసిందాంట్లో సగం

డయాలసిస్ మొదలై మూడో గంట దాటగానే దానయ్య బీపీ పడిపోయేది. ఎందుకో కుసుమకి అంతు పట్టలేదు.

ముందు ఆవలించేవాడు. తర్వాత చెమటలు. ఆ తర్వాత కళ్ళు తేలేసేవాడు. కుసుమ పరుగున వెళ్ళి కాళ్ళ వైపు మంచం ఎత్తి, నీరు తీయడం ఆపి, సెలైన్ ఎక్కించేది. కాసేపటికి ముసలాయన కళ్ళు తెరిచేవాడు. పక్క మంచాల వాళ్ళు మాత్రం తమ వంతు ఎప్పుడో అన్నట్టు చూస్తూ ఉండిపోయేవారు.

రెండు వారాల్లో నాలుగుసార్లు ఇలా జరిగింది. "ఇంకోసారి పడితే ఆ గుండె తట్టుకోలేదు" అని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు.

ఆ డయాలసిస్ గదికి పెద్ద టెక్నీషియన్ లాజరు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కుసుమ ఆయన దగ్గర నేర్చుకుంటోంది. కాలేజీలో ఆమెది మొదటి ర్యాంకు. ఆ సంగతి తను మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అన్నీ చేశాను మాస్టారూ. డయాలసిస్ రోజు పొద్దున బీపీ మాత్ర ఆపించాం. మిషన్లో ద్రవం చల్లబరిచాం. మధ్యలో ఇడ్లీ కూడా తిననివ్వడం లేదు. ఒంట్లో అదనపు నీరు లేకపోతే ఆయన బరువు యాభై రెండు కిలోలు. రాగానే తూస్తాను. యాభై రెండుకి పైన ఎంతుంటే అంతే నీరు తీస్తాను. మరి ఎందుకు పడిపోతోంది?"

పక్కనున్న నీళ్ళ బాటిల్ ఎత్తి గటగటా తాగింది. "ఇంకేం రాయాలో తోచడం లేదు."

"మిషన్ని అడిగావు. కాటాని అడిగావు. పుస్తకాన్ని అడిగావు. మనిషినేమైనా అడిగావా?"

"అడగడమేంటి మాస్టారూ, వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను. మిషన్ తీసిందాంట్లో సగమే తాగు తాతా, చుక్క ఎక్కువైనా ఊరుకోను అని."

లాజరు ఆమె చేతిలోని బాటిల్ వైపు చూశాడు.

మర్నాడు దానయ్య వచ్చాడు. చేపల వేట మానేసి మూడేళ్ళయింది. నోరు మాత్రం మానలేదు.

"ఏటి పాపా, ఇయాల తిట్లు ముందా, సూది ముందా?"

"కాటా ముందు. ఎక్కు."

యాభై అయిదు కిలోల ఆరొందలు.

"మూడు కిలోల ఆరొందలా! బోరింగు గానీ మింగావా తాతా?"

"ఆగమ్మా" అన్నాడు లాజరు, దానయ్య నడుము దగ్గర ఉబ్బిన లుంగీ మడతని చూస్తూ. బీరువాలోంచి ఉతికిన లుంగీ ఒకటి తీసి, దానయ్య భుజం మీద చెయ్యేసి, తెర వెనక్కి తీసుకెళ్ళాడు. లుంగీ మార్పించి మళ్ళీ కాటా ఎక్కించాడు.

యాభై నాలుగు కిలోల నాలుగొందలు.

కుసుమకి ఏమీ అర్థం కాలేదు. కాటా చెడిందేమోనని తనే ఎక్కి చూసుకుంది. ఎప్పుడూ ఉండే బరువే.

లాజరు ఆ పాత లుంగీని ఆమె చేతుల్లో పెట్టాడు. చేతులు కిందికి దిగాయి. మడతలో ఒక గుడ్డ మూట. విప్పితే సీసపు గుళ్ళు. వల నీటి అడుగుకి దిగడానికి అంచుకి కట్టేవి.

"ఎంత పని చేశావు తాతా! ఇది కూడా నీరే అనుకుని, ఒంట్లో ఉండాల్సింది లాగేశాను. చచ్చిపోయేవాడివి!"

దానయ్య తల దించుకున్నాడు.

"నువ్వే కద తల్లీ సెప్పినావు, తీసిందాంట్లో సగం తాగమని. ఎక్కువ తీస్తే ఎక్కువ తాగొచ్చని... కళ్ళు తిరగడం రోగం అనుకున్నాను. నాలిక పిడచ కట్టుకుపోతాది పాపా. సంద్రం మీద కూడా ఇంత దాహం ఎరగను."

కుసుమ మాస్టారి వైపు చూసింది.

ఆయన కాగితం మీద బరువు రాస్తున్నాడు. "రెండు కిలోల నాలుగొందలు. మిషన్‌కి పెట్టు."

మూడో గంట దాటింది. కుసుమ దానయ్య పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆయన ఆవలించలేదు. చేతికి చుట్టిన బీపీ పట్టీ బిగిసి, వదిలింది. నూట పద్దెనిమిది. అరగంట పోయాక మళ్ళీ బిగిసి వదిలింది. నూట పదహారు.

కుసుమ గుండెల నిండా గాలి పీల్చుకుంది. అలవాటుగా చెయ్యి బాటిల్ మీదికి పోయింది. మూత తీసి ఎత్తింది.

దానయ్య చూపు బాటిల్ మీద ఉంది. అందులో నీళ్ళు కదిలాయి. ఆయన గొంతు ఒకసారి లేచి దిగింది, ఏమీ లేకుండానే మింగినట్టు.

కుసుమ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నోటుబుక్కు తెచ్చావా?" అన్నాడు లాజరు, వెనక నుంచి.

"తెచ్చాను మాస్టారూ."

"ఇది కూడా రాసుకో."

ఆమె మూత బిగించింది. లేచి వెళ్ళి బాటిల్‌ని గది బయట పెట్టి వచ్చింది. నోటుబుక్కు తెరిచింది.

దానయ్య బరువు పక్కన "దాహం" అని రాసుకుంది.