ఆగిపోయిన చుక్క

మౌలాలి కొత్త ఫోన్ కొని మూడు వారాలైంది. ఆ మూడు వారాల్లో ఒక్కనాడూ అతనికి కంటినిండా నిద్ర లేదు.

బద్వేలులో పరుపులు కుట్టే పని అతనిది. దూది ఏకడం, పరుపులు నింపడం, దిండ్లు కుట్టడం, అంతకు మించి పెద్దగా లోకం తెలియని మనిషి. పాత బటన్ల ఫోన్ పాడైపోతే కూతురు షాహిదా పట్టుబట్టి ఈ పెద్ద ఫోన్ కొనిపించింది. "రోజూ పనికొచ్చే యాప్‌లు నాలుగైదు వేసుకో నాయనా, చాలు" అని చెప్పి, ఎలా వేసుకోవాలో చూపించి, నెల్లూరులో తన నర్సింగ్ చదువుకు వెళ్లిపోయింది.

నాలుగైదుతో ఆగలేదు మౌలాలి.

మొదట వాన సంగతి చెప్పేది వేసుకున్నాడు. దూది ఆరబెట్టుకునేవాడికి అది కావలసిందే. దాన్ని చూస్తుంటే పిడుగులు ఎక్కడ పడతాయో చెప్పేది ఒకటి కనబడింది. పిడుగులది వేసుకున్నాక భూకంపాలది కనబడింది. తర్వాత, కెమెరా మీద వేలు పెడితే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పేది. నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో విని చెప్పేది. జిల్లాలో ఏ రోడ్డు మీద ఏ బండి బోల్తా పడిందో ఫోటోలతో సహా చూపించేది. ఒకటి వేసుకుంటే చాలు, దాని కింద ఇంకో నాలుగు "ఇవి కూడా మీకు ఉపయోగపడతాయి" అంటూ వరసలో నిలబడేవి.

అన్నిటికంటే ఎక్కువగా అతను చూసేది మాత్రం ఒక్కటే. షాహిదా ఫోన్ ఎక్కడుంటే అక్కడ పటం మీద నీలం చుక్కను చూపించే యాప్ అది. కాలేజీలో చుక్క. హాస్టల్లో చుక్క. పొద్దున లేస్తూనే చూసేవాడు. సూదిలో దారం ఎక్కిస్తూ చూసేవాడు. చుక్క అటూ ఇటూ కదిలితే ఎక్కడికి పోతోందోనని భయం. ఎంతసేపటికీ కదలకపోతే మరీ భయం.

ఇరవయ్యో రోజున ఫోన్ మొరాయించింది. ఇంక స్థలం లేదంది. పెనంలా కాలిపోతోంది, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది. సెల్లు రిపేరు కొట్టుకు తీసుకుపోతే కొట్టతను చూసి నవ్వాడు.

"ఇదేంది పెద్దాయనా, ఇన్ని వేసినావు? సగం తీసేస్తే అదే బాగవుతాది."

మౌలాలి ఇంటికొచ్చి గడప మీద కూర్చుని తీసేయబోయాడు. చెయ్యి రాలేదు. ఏ యాప్ మీద వేలు పెట్టినా ఒకటే మాట లోపల మెదులుతోంది. దీన్ని తీసేసిన రోజే దీనితో పనిపడితే?

శనివారం మధ్యాహ్నం అతను లతీఫ్ బాబా దగ్గరికి బయలుదేరాడు.

ఊరి బయట గుట్ట పక్కన చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకుంటూ, అక్కడే ఒక గదిలో ఉంటాడు లతీఫ్ బాబా. డెబ్భై దాటిన మనిషి. పదిహేనేళ్ల కిందట మౌలాలి ఆయన చెయ్యి పట్టుకుని శిష్యుడయ్యాడు. ఏ కష్టం వచ్చినా అక్కడికే పోతాడు. బాబా పెద్దగా ఉపదేశాలేమీ చెయ్యడు. పక్కన కూర్చోబెట్టుకుంటాడు, అంతే.

ఆ వేళ ఆయన వసారాలో కూర్చుని లాంతరు గాజులు తుడుస్తున్నాడు. మౌలాలి సలాం చేసి, ఫోన్ ఆయన ముందు పెట్టాడు.

"బాబా, ఇందులో ఏవి ఉంచుకోవాల్నో, ఏవి తీసేయాల్నో మీరే చెప్పండి. నాకు చేతగాలే."

"నాకు చదవను కనపడదు గదప్పా. నువ్వే ఒక్కోటీ చెప్పు."

మౌలాలి చెప్పసాగాడు. వాన సంగతి చెప్పగానే బాబా, "మంచిదే, ఉంచు" అన్నాడు. బస్సుల టైములు చెప్పేది విని, "ఇదీ మంచిదే. ఎండలో నిలబడే పని తప్పుతాది" అన్నాడు. గ్యాస్ బండ రాయించేది కూడా ఉంచమన్నాడు. మౌలాలికి కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

గుండె లెక్క చెప్పేది వచ్చింది.

"దీన్ని ఎప్పుడు తెరుస్తావు?" అడిగాడు బాబా.

"భయమేసినప్పుడు."

"చూసి మూసేసినాక?"

"ఇంకా భయమేస్తాది బాబా."

బాబా ఇంకో గాజు చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాత నీలం చుక్క యాప్ వచ్చింది. ఆ రోజు షాహిదా సెలవుకు ఇంటికి వస్తోంది. నెల్లూరులో ఒంటిగంటకు బస్సెక్కింది. దర్గాకు వస్తూ దారిలో కూడా నాలుగుసార్లు చూశాడు, చుక్క బద్వేలు రోడ్డు మీద చక్కగా కదులుతూనే ఉంది. "ఇదిగో బాబా, పాప ఇప్పుడు యాడుందంటే..." అంటూ తెరిచాడు.

ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

చుక్క కదలడం లేదు. నీలం రంగు పోయి బూడిద రంగుకు తిరిగింది. సరిగ్గా కొండదారి మొదలయ్యే చోట ఆగి ఉంది. కింద సన్నటి అక్షరాలు: ఇరవై నిమిషాల కిందట.

మౌలాలి తెర మీద వేలితో లాగాడు, వదిలాడు. మళ్ళీ లాగాడు. ఇరవై రెండు నిమిషాలు. ఆ దారిలో మలుపులు ఎలా ఉంటాయో అతనికి తెలుసు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. పొద్దున్నే బండ్ల ప్రమాదాల యాప్‌లో చూసిన బోల్తా పడ్డ లారీ కళ్ల ముందుకొచ్చింది. మళ్ళీ దాన్ని తెరిచాడు. అందులో ఏమీ లేదు. ఇంకా ఎక్కించలేదేమో అనుకున్నాడు.

"బాబా, చుక్క ఆగిపోయినాది. దువా చేయండి. పాపకు ఏం కాలేదని చెప్పండి."

బాబా గాజు పక్కన పెట్టి, చేతులెత్తి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. చేతులు దించాడు.

"దువా చేసినా. ఏం కాలేదని మాత్రం చెప్పలేను మౌలాలీ. నాకు తెలియదు."

ఆ మాటతో మౌలాలి స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు.

"పాపకు ఫోన్ చేసినావా?" అడిగాడు బాబా.

"లేదు."

"చెయ్యి."

"చెయ్యలేను బాబా."

"ఎందుకు?"

వసారా కప్పు మీద పావురాళ్లు గోళ్లతో గీరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ పొద్దు మాబున్నికి నేనే చేసినా బాబా" అన్నాడు చివరికి.

మాబున్ని అతని భార్య. ఎనిమిది నెలల కిందట పోరుమామిళ్లలో చెల్లెలింటికి ఆటోలో పోయి, తిరిగి రాలేదు.

"చీకటి పడతాంది, ఇంకా రాలేదేందని చేసినా. రెండుసార్లు రింగయినాది. ఎవరో మగమనిషి ఎత్తినాడు. 'ఈమె మీకేమవుతాది?' అని అడిగినాడు. నేను దానికి బదులు చెప్పకముందే నాకు తెలిసిపోయినాది. ఆ పొద్దు నించీ నేను ఎవరికీ చెయ్యలే. ఫోను మోగకుండా పెట్టుకున్నా. పాప చేసినా ఎత్తలే. కాల్ ఆగిపోయినాక, బాగున్నా, నువ్వు తిన్నావా, అని మెసేజీ పెడతా. ఈ చుక్క వచ్చినాక అదీ తక్కువైపోయినాది. చుక్క కదిలితే చాలు, పాప బాగున్నట్టే గదా అని."

బాబా లేచి నిలబడ్డాడు. మోకాళ్ల మీద చేతులాన్చి, మెల్లగా.

"రింగు వినపడేట్టు పెట్టు" అన్నాడు.

మౌలాలికి అర్థం కాలేదు. అయినా పెట్టాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి.

బాబా గూట్లోంచి తన చిన్న బటన్ల ఫోన్ తీసుకుని, గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆవరణ దాటి దర్గా గోడ వెనక్కి వెళ్లిపోయాడు. మనిషి కనబడకుండా పోయాడు.

మౌలాలి చేతిలో ఫోన్ ఒక్కసారిగా మోగింది.

తెర మీద పేరు పడింది. లతీఫ్ బాబా. ఇప్పుడే కదా ఇక్కణ్నించి లేచి వెళ్లింది, గోడ వెనకే కదా ఉన్నది. అన్నీ తెలుసు. అయినా బొటనవేలు కదల్లేదు. మోగీ మోగీ ఆగిపోయింది.

మళ్ళీ మోగింది. గోడ వైపు చూశాడు. ముసలాయన, ఎండలో పోయాడు, అక్కడ రాళ్లూ రప్పలూ ఉంటాయి. ఎత్తితే వేరే గొంతు వస్తే? అది కూడా ఆగిపోయింది.

మూడోసారి మోగినప్పుడు కళ్లు మూసుకుని ఎత్తాడు.

"నేనే" అంది బాబా గొంతు. కొంచెం ఆయాసపడుతోంది. "ఎండ మండిపోతాంది ఈడ. ఇంతసేపు నిలబెడితివే నన్ను."

మౌలాలికి ఏడుపొచ్చింది. "బాబా..."

"ఊఁ. పెట్టేస్తాండా. ఇంక పాపకు చెయ్యి."

"ఎవరిదన్నా వేరే గొంతు వస్తే?"

"వస్తే వినాల. నేను ఈడనే ఉంటా గదా."

బాబా వచ్చి అతని పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మౌలాలి షాహిదా పేరు మీద నొక్కి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

రింగు కాలేదు. ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. పరాయి గొంతు. ఫోన్ చేతిలోంచి ఒళ్లో పడింది. అక్కణ్నించే ఆ గొంతు తాపీగా చెబుతోంది, మీరు కాల్ చేస్తున్న వారు ప్రస్తుతం అందుబాటులో లేరు, దయచేసి కాసేపాగి ప్రయత్నించండి.

"ఏం చెప్తాందో విను" అన్నాడు బాబా. "కాసేపాగి చెయ్యమంటాంది. ఆగుదాం."

ఆగారు. మౌలాలికి ఫోన్ తెరిచి చుక్కను చూడాలనిపించింది. చెయ్యి అటే పోయింది. బాబా ఆ చేతిని పట్టుకుని తన చేతిలో ఉంచుకున్నాడు. ముసలి చెయ్యి, మసి అంటిన చెయ్యి, సన్నగా వణుకుతోంది. అప్పుడు మౌలాలికి తట్టింది, బాబాకూ భయంగానే ఉందని.

ఇంకో పది నిమిషాలు గడిచాయి. మళ్ళీ చేశాడు. ఈసారి రింగు అవుతోంది. ఒకటి. రెండు.

"నాయనా!"

షాహిదా గొంతే. వెనక బస్సు చప్పుడు, ఎవరో పసిబిడ్డ ఏడుపు.

మౌలాలి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాయనా, నువ్వేనా? బాగున్నావా? ఏమైనాది? ఎవరు చేస్తాండేది?"

"నేనేమ్మా. నేనే. బస్సుకేమైంది? చుక్క ఆగిపోయినాది..."

"బస్సుకేం కాలేదు. ఇప్పుడే కొండ దిగినాం. ఆ దారిలో సిగ్నల్ ఉండదు గదా. అయినా చుక్క ఆగిపోలేదు నాయనా. నేనే ఆపేసినా."

"ఎందుకమ్మా?"

షాహిదా గొంతు తగ్గించింది.

"అది ఆగితేనన్నా ఫోన్ చేస్తావేమోనని. అమ్మ పోయినప్పట్నించీ నేను చేస్తే ఎత్తవు, నువ్వు చెయ్యవు. కొండెక్కకముందు ఆపినా. ఇప్పుడు చేస్తాడు, ఇప్పుడు చేస్తాడని చేతిలో పట్టుకుని కూర్చున్నా. నువ్వు చెయ్యలే. సిగ్నల్ పోయినాది. నీకే ఏమన్నా అయిందేమోనని... నాకు శానా భయమేసింది నాయనా."

మౌలాలి భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎనిమిది నెలలుగా భయం తన ఒక్కడిలోనే ఉందనుకున్నాడు.

"మాట్లాడమ్మా" అన్నాడు.

"ఏం మాట్లాడేది?"

"ఏదన్నా. దిగేదాకా మాట్లాడు."

షాహిదా ముక్కు ఎగబీల్చి, చెప్పడం మొదలుపెట్టింది. పక్క సీట్లో ఒకామె కోడిని సంచిలో పెట్టుకుని ఎక్కిందంట. కండక్టర్ దానికీ టికెట్ కొట్టాల్సిందేనని వాదించాడంట. హాస్టల్లో కొత్త వంటామె సాంబారులో బెల్లం వేస్తోందంట. వార్డులో మొదటిసారి ఒకరికి సూది వేసినప్పుడు తన చెయ్యే ఎక్కువ వణికిందంట. మౌలాలి ఊఁ కొడుతూ విన్నాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

లతీఫ్ బాబా మిగిలిన గాజులన్నీ తుడవడం అయిపోయింది. వాటిని వరసగా పెట్టి, గుడ్డ దులిపి, మౌలాలి వైపు తిరిగాడు.

"మిగిలినవి చూద్దామా మౌలాలీ? ఏవి ఉంచాల్నో, ఏవి తీసేయాల్నో?"

మౌలాలి ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుని, ఆగమన్నట్టు గురువుకు చెయ్యి చూపించాడు.

"పాప మాట్లాడతాంది బాబా" అన్నాడు.