గురివికి మొదటి ముద్ద

అనగనగా, ఊళ్ళన్నిటికీ ఇంకా పేర్లు కుదరని రోజులు. మనుషులందరికీ ఇంకా ఇంటిపేర్లు అంటని రోజులు. ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. పెద్ద ఊరేం కాదు. ఒక్క కోడి కూస్తే ఊరంతటికీ తెల్లవారేది. ఆ ఊరికి పేరు లేదు. పెట్టేవాళ్ళు లేక కాదు, ఎక్కువై.

"ఇక్కడ మొదట నాగలి పట్టింది నేను. నా పేరే పెట్టాలి" అనేవాడు కోటప్ప.

"బావి తవ్వింది నేను. నా పేరే పెట్టాలి" అనేవాడు ఈరన్న.

"మందలో సగం గొడ్లు నావి. నా పేరే పెట్టాలి" అనేవాడు సింగయ్య.

ముగ్గురికీ మీసాలున్నాయి, ముగ్గురికీ పంతాలున్నాయి. వాళ్ళ తగువు తెగలేదు, ఊరికి పేరు రాలేదు.

ఆ ఊరి చివర గురివి ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని పేడ ఎత్తుకొచ్చేది. గోడలకు పిడకలు కొట్టేది. ఎండినవి ఒలిచి గూడు కట్టేది. ఆమెకున్న ఆస్తల్లా ఒక్కటే, ఎప్పుడూ ఆరని పొయ్యి.

అగ్గిపెట్టెలు లేని కాలమది. పొయ్యి ఆరిపోతే పిడక పట్టుకుని ఇంకొకరి గుమ్మంలో నిలబడి నిప్పు అడగాల్సిందే. ఇచ్చేవాళ్ళకేమో భయం. నిప్పు గడప దాటితే దాని వెంట ఇంటి లక్ష్మి కూడా దాటిపోతుందని. అందుకని ముందు "ఏ ఊరు?" అని అడిగేవాళ్ళు. తరవాత "ఎవరింటివాళ్ళు?" అని అడిగేవాళ్ళు. జవాబు నచ్చితేనే నిప్పు.

గురివి ఆ రెండూ అడిగేది కాదు.

కరువుకి ఊరొదిలిన కుమ్మరి వచ్చాడు. గురివి అతని పిడక మీద నిప్పు పెట్టి, "తీసుకో. ఆరనీకు. అడిగినవాళ్ళకు లేదనకు" అంది. వరదకి ఇల్లు పోయిన సాలె వచ్చాడు. అతనికీ నిప్పిచ్చి, "తీసుకో. ఆరనీకు. అడిగినవాళ్ళకు లేదనకు" అంది. దారి తప్పిన గొల్లపిల్ల వచ్చింది. ఆమెకూ అదే నిప్పు, అదే మాట. వాళ్ళంతా కొన్నాళ్ళు ఏటి ఒడ్డున తలదాచుకున్నారు. ఆ నిప్పు చట్టిలో పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కోటప్పకు ఒళ్ళు మండేది. "ఊరూ పేరూ లేనోళ్ళకి నిప్పిస్తే నీ ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా గురివీ?" అనేవాడు.

"నా ఇంట్లో లక్ష్మి ఎప్పుడుందయ్యా, ఇప్పుడు పోవడానికి?" అని గురివి నవ్వేసేది.

అంత నవ్వే మనిషికీ ఏడాదిలో ఒకరోజు ఏడుపొచ్చేది. అది పెద్దల అమావాస్య. ఆ రోజు ఇంటింటా పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, ఆకులో ముద్ద పెడతారు కదా. గురివి మొగుడి పేరు పిలిచి ముద్ద పెట్టేది. పెట్టాక ఆ ఆకు పక్కనే కూర్చుని, "నేను పోయాక నన్నెవరు పిలుస్తారు? నా ముద్ద ఎవరు పెడతారు?" అనుకుని ఏడ్చేది. ఆమెకున్న దిగులల్లా అదే. కడుపులో దాచుకున్నది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఒక ఏడు భాద్రపదంలో ముసురు పట్టింది. పట్టింది పట్టినట్టే ఉంది, వదల్లేదు. ఏరు పొంగింది. జనం పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని పక్కనున్న గుట్ట ఎక్కారు. నీళ్ళు తీశాక దిగి చూస్తే ఏ పొయ్యిలోనూ నిప్పు లేదు. గురివి తన పొయ్యిలో చెయ్యి పెట్టి చూసుకుంది. చల్లటి బురద తగిలింది. అందరిళ్ళలో పొయ్యిలు ఆరాయి గానీ, సిగ్గుపడింది మాత్రం గురివి ఒక్కతే.

చెకుముకి రాయి కొట్టారు. రవ్వలు రాలాయి. తడిసిన దూదికి అంటుకోలేదు.

అలాంటి వేళ గుట్ట మీద కోటప్ప కోడలు రంగి ప్రసవించింది. తల్లికి వణుకు పట్టుకుంది. బిడ్డ గోళ్ళు నీలంగా మారాయి. ఏడుపు కూడా సన్నబడిపోయింది. మంత్రసాని ఇద్దరినీ తడిమి చూసి, "పొద్దుగూకేలోగా సెగ తగలకపోతే ఇద్దరూ దక్కరు" అంది.

కోటప్ప తూర్పున ఉన్న ఊరికి పరిగెత్తాడు. పోయినంత వేగంగానే తిరిగొచ్చాడు, ఉత్త చేతులతో.

"ఇవాళ పెద్దల అమావాస్య. తెలియనోళ్ళకి నిప్పివ్వరట. ఊరి పేరు చెప్పమన్నారు. ఏం చెప్పను?" అని కూలబడ్డాడు. ముగ్గురి తడిసిన మీసాలూ కిందికి వేలాడుతున్నాయి.

గురివి లేచింది. "నేను పోతాను. ఇన్నేళ్ళూ ఇచ్చినదాన్ని, అడగడం నాకు చేతకాదా?" అంది. చట్టి చంకన పెట్టుకుని పడమర దారి పట్టింది.

మొదట వచ్చిన ఊళ్ళో పెద్ద మండువా ఇంటి ముందు నిలబడింది. "అమ్మా, బాలింతకి సెగ కావాలి. కాస్త నిప్పు పెట్టండి."

"ఏ ఊరు?"

"ఏటి ఒడ్డున ఊరమ్మా. పేరింకా పెట్టలేదు."

"పోనీ, ఎవరింటిదానివి?"

"నాకు ఇల్లుంది గానీ, ఇంటికి పేరు లేదు తల్లీ."

"ఊరికి పేరు లేదు, ఇంటికి పేరు లేదు. పండగపూట నీ చేతిలో నిప్పు పెట్టి నా ఇల్లు ఆర్పుకోనా? పో పో."

తలుపు పడింది. గురివికి కోపం వచ్చింది. కోపంలోనే ఇంకో ఊరు నడిచింది. పొద్దు వాలుతోంది. కాళ్ళు బురదలో దిగబడుతున్నాయి. ఇక్కడా కాదంటే ఇంకో ఊరికి పోయే పొద్దు లేదు. ఏదైతే అదైందని మొదట కనబడ్డ ఇంటి ముందే నిలబడింది. పూరిల్లు. వసారాలో మగ్గం గుంట ఉంది. లోపలినుంచి నాగులు అనే పడుచు బయటికొచ్చింది.

"బాలింతకి సెగ కావాలమ్మా" అంది గురివి. ఏ ఊరంటుందో, ఎవరింటిదానివంటుందో అని ఎదురుచూసింది.

నాగులు ఏమీ అడగలేదు. లోపలికి పోయి కణకణలాడే నిప్పులు తెచ్చి చట్టిలో పోసింది. పైన బూడిద కప్పింది. కప్పి, "తీసుకో. ఆరనీకు. అడిగినవాళ్ళకు లేదనకు" అంది.

గురివి చట్టి ఎత్తబోయి దించింది.

"ఈ మాట నీకెవరు నేర్పారే?"

"మా ఇంటి మాట అవ్వా. మేం గురివిపాటివాళ్ళం."

"గురివిపాడా? అదెక్కడుంది?"

"ఏటి ఒడ్డున ఉందట. నేను చూళ్ళేదు. మా మామ ఇల్లు పోగొట్టుకుని తిరుగుతుంటే అక్కడ గురివి అనే ఆవిడ నిప్పిచ్చిందట. ఇక్కడికొచ్చాక ఏ ఊరోళ్ళని అందరూ అడుగుతుంటే, గురివి ఉండే ఊరు కాబట్టి గురివిపాడు అన్నాడు. అప్పట్నించీ మమ్మల్ని గురివిపాటివాళ్ళనే అంటారు. కొండ కింద కుమ్మరోళ్ళున్నారు, వాళ్ళూ గురివిపాటివాళ్ళే. ఆ పైన గొల్లోళ్ళున్నారు, వాళ్ళూ అంతే."

చూశారా మరి! ఊళ్ళో కూర్చున్నంతకాలం ఊరి పేరుతో ఎవరికీ పని పడదు. ఊరు దాటిన మనిషినే అది వెతుక్కుంటూ వెళ్ళి అంటుకుంటుంది. అక్కడ ముగ్గురు మీసాలు దువ్వుకుంటూ కొట్టుకుంటుంటే, పేరు ఎప్పుడో నిప్పుతోపాటు గడప దాటి, అన్ని ఊళ్ళూ తిరిగేసింది. తెలియనిది ఆ ఊళ్ళోవాళ్ళకే.

ఆమె కళ్ళు వసారా మూలకు పోయాయి. అక్కడ ఒక ఆకులో జొన్నసంకటి ముద్ద ఉంది, పక్కన పచ్చడి ఉంది.

"ఆ ఆకెవరికే?"

"గురివమ్మకే. పోయి ఎన్నాళ్ళయిందో ఏమో! ఏటా మొదటి ముద్ద ఆవిడకే. 'గురివమ్మా, రా, తిను' అని పిలిచాకే మావాళ్ళను పిలుస్తాం."

గురివి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు తాను ఏడ్చిన రోజునే, ఇన్ని ఇళ్ళలో తనను పిలుస్తున్నారు. దిగులంతా ఎటు పోయిందో తెలియలేదు. పక్కున నవ్వింది.

"పిలిచారు కదా, వచ్చాను" అని ఆకు ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంది.

నాగులు కెవ్వుమంది.

"అరవకే. దెయ్యాన్నయితే నిప్పు అడగడానికొస్తానా? నేనే గురివిని, నిక్షేపంలా ఉన్నాను" అంది గురివి. ముద్ద మింగి, "పచ్చడి బాగుంది. సంకట్లో ఉప్పు తక్కువైందే పిల్లా" అంది.

అక్కడ రంగి వణుకుతోంది. రెండో ముద్దకు కూర్చునే తీరిక లేదు. నాగులు తాటాకు గొడుగు ఇచ్చి, కాళ్ళకు దండం పెట్టింది. గురివి చట్టిని కడుపుకి హత్తుకుని వచ్చిన దారినే పరుగులాంటి నడక నడిచింది.

పొద్దుగూకకముందే గుట్ట మీద సెగ లేచింది. ముందు రంగికి వణుకు తగ్గింది. తరవాత బిడ్డ గోళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తరవాత బిడ్డ గుట్ట అదిరేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఊరంతా నవ్వింది.

కోటప్ప మనవరాలిని ఎత్తుకుని గురివి దగ్గరికొచ్చాడు. "నిప్పెట్లా ఇచ్చారు? ఊరి పేరేం చెప్పావు?"

"నేను చెప్పలేదయ్యా. వాళ్ళే చెప్పారు."

జరిగిందంతా చెప్పింది. ఈరన్న మీసం మీదికి చెయ్యి పోయింది గానీ, మధ్యలోనే దిగిపోయింది. సింగయ్య గొడ్ల వంక చూస్తూ తల గోక్కున్నాడు. కోటప్ప బిడ్డ చెవి దగ్గర వంగి, "అమ్మలూ, మనది గురివిపాడు" అన్నాడు. ఆ పేరు ఆ ఊళ్ళో మొదట పలికింది అతనే.

గురివి ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. పిడకలు కొట్టింది, నిప్పు పంచింది, పెద్దల అమావాస్య నాడు మళ్ళీ ఏడవలేదు. పోయిన రోజున ఆమెకు నిప్పు పెట్టడానికి కుమ్మరులొచ్చారు, సాలెలొచ్చారు, గొల్లలొచ్చారు, ఊళ్ళోవాళ్ళు ఉండనే ఉన్నారు. "ఎవరింటివాళ్ళు?" అని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు గ్యాసు పొయ్యిలొచ్చాయి. అయినా గురివిపాటివారి గుమ్మంలోకి ఎవరైనా ఏదడగడానికొచ్చినా, ముందు ఇస్తారు, ఆ తరవాతే ఊరూ పేరూ అడుగుతారు. కులాలు వేరైనా, ఆ ఇంటిపేరు వాళ్ళు ఎదురుపడితే "మనది ఒకే పొయ్యి" అనుకుంటారు. ఏటా పెద్దల అమావాస్య నాడు మొదటి ముద్ద గురివికే. ముద్ద పెట్టి, ఆకులో చిటికెడు ఉప్పు విడిగా వేసి, ఇంటి ఆడపడుచు అడుగుతుంది.

"గురివమ్మా, రా, తిను. ఉప్పు సరిపోయిందా?"