ఎవరూ నాదనని పెంకు

తెలేసాండర్ గురువు ఏ సభలో పాడినా మొదటి పాట లాంప్రోస్ పేరు మీదే ఎత్తుకునేవాడు. ఆ గ్రీకు దీవిలో లాంప్రోస్ అంటే చిన్నా పెద్దా అందరికీ నవ్వులాట. యుద్ధంలో తన వంతు వస్తే నాది కాదని బొంకినవాడు. ఆ పేరు వినగానే రేవులో పడవలవాళ్లు ఈలలు వేసేవారు. గురువు వాద్యం ఒళ్లో పెట్టుకుని ఆ ఈలలు ఆగేదాకా కూర్చుని, మళ్లీ అక్కడినుంచే అందుకునేవాడు.

సముద్రదేవుడి ఉత్సవం రేపనగా శిష్యుడు నికోన్ ఇక ఊరుకోలేకపోయాడు. ఊరంతటి ముందు తొలిసారి పాడబోయేది అతనే. వీరుడంటే వేయిమందికి ముందు నిలిచేవాడనీ, భయమెరుగడనీ, ప్రాణమిచ్చైనా పేరు నిలుపుకుంటాడనీ నిప్పులు చెరుగుతూ చెప్పాడు. దేవతల రక్తం, పిడికిట్లో ఈటె, పెదవి మీద సవాలు. అన్నీ గురువు నేర్పిన మాటలే, వరస కూడా తప్పలేదు.

"మరి ఈ పిరికివాడి పేరుతో నా నోరెందుకు మైల చేసుకోవాలి, గురువుగారూ?"

గురువు ఇసుకలో, పడవ నీడన కూర్చుని, నలభై ఏళ్ల నాటి సంగతొకటి చెప్పాడు.

సముద్రపు ఒడ్డున ఒక కోటను ఈ దీవివాళ్లు ముట్టడించారు. ఆ కోట యోధుడొకడు రోజూ బయటికొచ్చి ద్వంద్వయుద్ధానికి పిలిచేవాడు. ఐదుగురు వెళ్లారు, ఐదుగురూ తిరిగిరాలేదు. ఆరో రోజు తొమ్మిదిమంది పెంకులు వేశారు. ఒక్కొక్కడూ కుండపెంకు మీద తనకు మాత్రమే తెలిసిన గుర్తు గీసి శిరస్త్రాణంలో వేయాలి. కుదిపినప్పుడు ఎగిరిపడ్డ పెంకు దేవుడి ఎంపిక. దూత దాన్ని వరసగా అందరికీ చూపిస్తాడు. గుర్తు తనదైనవాడు ఒప్పుకోవాలి. బొంకితే రాళ్లతో కొట్టి చంపుతారు.

పెంకు ఎగిరింది. వరసలో మొదటివాడు లాంప్రోస్. ఆ సైన్యంలో అతన్ని మించిన ఈటె లేదు. తనకే రావాలని మొక్కుకున్నవాడు, చూసి, నిరాశగా తల అడ్డంగా ఊపాడు. రెండోవాడు కాదన్నాడు. మూడోవాడూ అంతే. చివరికి తొమ్మిదోవాడు కూడా కాదన్నాడు.

గోడ మీద శత్రువులు విరగబడి నవ్వారు. "ఏమర్రా, మీ గీతలు మీకే గుర్తులేవా? మా మేకల కాపరిని పంపమంటారా, ఏది ఎవరిదో తేల్చిపోతాడు?"

దూత ముఖం నల్లబడింది. మిగిలిన ఎనిమిది పెంకులూ కుమ్మరిస్తే ఎవరిది వాళ్లు తీసుకుంటారు. పెంకు దొరకనివాడే దొంగ. సైనికులు అప్పుడే రాళ్లు ఏరుతున్నారు. వరసలో ఏడోవాడికి ఇరవై ఏళ్లుంటాయి. వాడు ఆ రాళ్ల వంకే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు. లాంప్రోస్ ఒక్కసారి అటు చూశాడు. మరుక్షణం దూత చేతిలోంచి శిరస్త్రాణం లాక్కుని పెంకులన్నీ సముద్రంలోకి విసిరికొట్టాడు.

"వెతకొద్దు. అది నాదే. భయమేసి అబద్ధమాడాను."

రాళ్లు లేచాయి. ముందు పోరాడి రానీ, శిక్ష సంగతి తర్వాత చూద్దామన్నారు నాయకులు. మిట్టమధ్యాహ్నానికి ఆ యోధుడు నేలకూలాడు. లాంప్రోస్ నెత్తురోడుతూ తిరిగొచ్చాడు. ప్రాణాలతో వదిలేశారు గానీ ఆనాటి విందులో అతనికి మాంసంలో వాటా పెట్టలేదు. పేరు కోసమే బతికే మనుషుల మధ్య, కన్నుమూసేదాకా పదకొండేళ్లు పేరు చెడి బతికాడు. నిజం ఒక్కరికీ చెప్పలేదు.

నికోన్ చేయెత్తి చివాలున లేచాడు. అతని ఒళ్లంతా మండుతోంది. దొరల విందుల్లో అబద్ధాలు అమ్ముకునే పాటగాళ్లందరి పాటా రేపటితో సరి అన్నాడు. ప్రతి రేవులో, ప్రతి వీధిలో లాంప్రోస్ పేరు మోగిస్తానన్నాడు. ఈలలు వేసినవాళ్లే లేచి నిలబడాలన్నాడు.

"ఆ ఏడోవాడి పేరూ చెప్పండి, గురువుగారూ. దాన్నీ పాడతాను. ఈ ఊళ్లో రాళ్లకేం కరువు లేదు."

గురువు ముందుకు వంగి, చూపుడువేలితో ఇసుక మీద ఒక నిలువు గీత, దాన్ని కోస్తూ రెండు ఏటవాలు గీతలు గీశాడు. వేలు తడుముకోలేదు.

నికోన్ ఆ గుర్తును చూశాడు. గురువు ముఖం చూశాడు. ఎత్తిన చేయి దానంతటదే దిగిపోయింది.

"పాడు నాయనా," అన్నాడు గురువు. "రేపు నేను ముందు వరసలోనే కూర్చుంటాను."