దళపతిగారి గుర్రం

వెనకటికి ఒక కోటలో భద్రప్పనాయకుడనే దళపతి ఉండేవాడు. ఒళ్లు హూనమైతే తప్ప అది కసరత్తే కాదని ఆయన నమ్మకం. వరసగా తొమ్మిది రోజులు సిపాయిలచేత దండీలు, బస్కీలు తీయించాడు. నొప్పి అన్నవాడికి రెట్టింపు.

సిపాయి కోనప్ప భార్య వీరక్క ఆ కోటలోనే గుర్రాలకు గడ్డి వేసేది. పదోనాడు పొద్దున్నే మొగుడు చెయ్యెత్తి ముద్ద నోట పెట్టుకోలేకపోయాడు. మూత్రం ఎర్రగా పోతోందన్నాడు. అయినా తలపాగా చుట్టుకుని మైదానానికి బయలుదేరాడు. ఎదురుచెప్పినవాణ్ని దళపతి మొన్ననే కొరడాతో కొట్టించాడు మరి.

వీరక్క వెనకాలే మైదానానికి వెళ్లి దళపతి ముందు నిలబడింది.

"దొరా, రేపు పందెం కదా. మీ గుర్రం పొద్దుట్నుంచీ ఊరికే నిలబడి ఉంది. కాళ్లు మడతపడేదాకా పరిగెత్తించమంటారా? బలం వస్తుంది."

"మతిపోయిందా నీకు?" దళపతి గద్దించాడు. "వారమంతా పరిగెత్తిన గుర్రం అది. విశ్రాంతి ఇస్తేనే బలం పుంజుకుంటుంది. ఇవాళ కూడా తోలితే చచ్చి ఊరుకుంటుంది!"

"మా ఆయన తొమ్మిది రోజులు ఆగకుండా చేశాడు దొరా," అంది వీరక్క. "ఈ ఒక్కపూట ఆయన్నీ గుర్రమనుకోండి."

కొరడా ఎప్పుడు లేస్తుందోనని ఆమె కళ్లు మూసుకుంది. దళపతి దూరాన కట్టేసి ఉన్న గుర్రాన్ని చూశాడు. తర్వాత నిలబడలేక తూలుతున్న కోనప్పను చూశాడు.

"వైద్యుణ్ని పిలవండి. ఇవాళ అందరికీ సెలవు," అన్నాడు.

మూడోనాటికి కోనప్ప తేరుకున్నాడు. అప్పటిదాకా వీరక్కకు కంటిమీద కునుకు లేదు. ఆనాటినుంచి ఆ కోటలో సిపాయిలకు కూడా గుర్రాలకున్నంత మర్యాద దక్కింది.